3050 ఆ, ఆర్ఎక్స్ 6600 ఆ? ముందు ఆ ఎస్ఎంపీఎస్ చూడరా బాబూ

మా బామ్మర్ది బీటెక్ సెకండియర్. మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "బావా, 20 వేలకి అటూఇటూగా గ్రాఫిక్స్ కార్డు ఏది తీసుకోమంటావ్, ఫ్రెండ్సంతా ఎన్విడియానే అంటున్నారు" అన్నాడు. వాడి సిస్టం నాకు తెలుసు, ఐ3 10100, 16 జీబీ ర్యామ్, 1080పీ మానిటర్. కార్డు సంగతి తర్వాత, ముందు క్యాబినెట్ డోర్ తీసి ఎస్ఎంపీఎస్ (సిస్టంకి కరెంటిచ్చే డబ్బా) స్టిక్కర్ ఫొటో పంపమన్నా. పంపాడు. క్యాబినెట్‌తో పాటు అంటగట్టిన లోకల్ సరుకు. 450 వాట్లు అని పెద్దక్షరాలతో ఉంది గానీ, కార్డుకి పెట్టే 8 పిన్ కేబులే లేదు.

వాడి ఫ్రెండ్స్ చెప్పేది ఆర్‌టీఎక్స్ 3050. ఇక్కడో తిరకాసుంది, 3050 పేరుతో రెండు కార్డులున్నాయి. 2022లో వచ్చినది 8 జీబీ, 2560 క్యూడా కోర్లు (లెక్కలు చేసే చిన్న యూనిట్లు), 128 బిట్ మెమరీ, 130 వాట్లు. 2024లో వచ్చినది 6 జీబీ, 2304 కోర్లు, 96 బిట్, 70 వాట్లు. మెమరీ ఒక్కటే తగ్గించారేమో అనుకుంటాం, కాదు, కార్డే వేరు, స్పీడు బాగా తక్కువ, అయినా పేరు మాత్రం అదే! షాపులో "3050 ఉందా" అంటే ఉందంటారు, ఏదో అడగాల్సింది మనమే.

అయితే ఆ 6 జీబీ దానికి ఒక్క మంచి గుణముంది, అది చిన్నది కాదు. మదర్‌బోర్డు స్లాటే 75 వాట్ల దాకా ఇస్తుంది కాబట్టి 70 వాట్ల కార్డుకి చాలా మోడళ్లలో వేరే కేబులే అక్కర్లేదు, గుచ్చి స్విచ్ వేస్తే చాలు. ఆఫీసుల్లోంచి వచ్చే సెకండ్ హ్యాండ్ సన్నటి సీపీయూలుంటాయి కదా, వాటిలో ఎస్ఎంపీఎస్ మార్చడం పెద్ద తలనొప్పి, అలాంటి వాటికి పొట్టి సైజు 3050 6 జీబీ కొనుక్కోవచ్చు, అక్కడ ఇంక వేరే మాటే లేదు.

మామూలు క్యాబినెట్ ఉంటే మాత్రం నా ఓటు ఏఎండీ వాళ్ల ఆర్ఎక్స్ 6600కే. 2021 అక్టోబర్లో వచ్చింది, పాతదే, 8 జీబీ, 132 వాట్లు, 8 పిన్ కేబుల్ కావాలి. గేముల్లో 3050 6 జీబీ కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు ఫ్రేములిస్తుంది, ఈ తేడా కళ్లకి తెలిసిపోతుంది. మావాడి బోర్డులో కార్డు గుచ్చే స్లాటు పాత పీసీఐఈ 3.0 రకం, అయినా ఈ కార్డుకి 8 లేన్లు (డేటా వెళ్లే దారులు) ఉన్నాయి కాబట్టి పెద్దగా నష్టం లేదు. అదే ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ చవగ్గా వస్తోందని తీసుకుంటే 4 లేన్లే, 4 జీబీయే, పాత బోర్డులో ఊపిరాడక కొట్టుకుంటుంది, పైగా గేము రికార్డింగుకి వీడియో తయారుచేసే ఎన్‌కోడర్ కూడా పెట్టలేదు. దాని జోలికి పోవద్దు.

ఎన్విడియా వైపు న్యాయంగా చెప్పాలంటే చిన్న బొమ్మని పెద్దది చేసి ఫ్రేములు పెంచే వాళ్ల డీఎల్ఎస్ఎస్ బొమ్మ, 6600లో వచ్చే ఏఎండీ ఎఫ్ఎస్ఆర్ కన్నా శుభ్రంగా ఉంటుంది, బ్లెండర్‌లో 3డీ బొమ్మలు గానీ కాలేజీలో మెషిన్ లెర్నింగ్ గానీ చేసేవాళ్లకి ఎన్విడియా వాళ్ల క్యూడా సాఫ్ట్‌వేర్ ఉంటే పని సులువు. నిజంగా ఆ పని ఉంటే తీసుకో, తప్పులేదు. రే ట్రేసింగ్ (గేముల్లో వెలుగునీడల్ని నిజంలా చూపించేది) కోసమైతే వద్దు, 3050లో రే ట్రేసింగ్ అంటే మారుతి 800కి సన్‌రూఫే. ఉత్త వాలరెంట్ ఒక్కటే ఆడేవాడికి ఈ గొడవంతా దండగ, ఆ గేము బరువంతా ప్రాసెసర్ మీదే.

ఇంటెల్ వాళ్ల గ్రాఫిక్స్ కార్డు ఆర్క్ బీ580 సంగతీ అడిగాడు. 12 జీబీ అంటే నోరూరుతుంది కానీ మావాడి ఐ3 లాంటి చిన్న ప్రాసెసర్ పక్కన అది పూర్తిగా పరిగెత్తదు, పైగా బయాస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) రీసైజబుల్ బార్ అనేది, అంటే ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్నీ ఒకేసారి అందుకునే ఆప్షన్, ఆన్ చేయాలి. కొత్త సిస్టం కట్టేవాళ్లు ఆలోచించొచ్చు, దాని రేంజ్ కూడా కొంచెం పైనే. సెకండ్ హ్యాండ్ ఆర్ఎక్స్ 580 అయితే నేను ముట్టుకోను, 2022 సెప్టెంబర్లో ఎథీరియం మైనింగ్ (కార్డులతో క్రిప్టో నాణేలు సంపాదించడం) ఆగిపోయాక రాత్రీపగలూ తిరిగి అరిగిన కార్డులు తెగ వచ్చి పడ్డాయి, ఏది ఎలాంటిదో పైకి తెలీదు. 185 వాట్లు తాగుతుంది కూడా.

సికింద్రాబాద్ సీటీసీకి (కంప్యూటర్ షాపులుండే కాంప్లెక్సు) వెళ్లి అడుగుతా అన్నాడు, వెళ్లమన్నా, జీఎస్టీ బిల్లూ వారంటీ మాత్రం వదలొద్దని చెప్పా. ఉన్న ఎస్ఎంపీఎస్‌కే మోలెక్స్ కన్వర్టర్ (పాత 4 పిన్ కేబుల్‌ని 8 పిన్‌గా మార్చేది) పెట్టి 6600 నడిపిస్తా అన్నాడు, అక్కడ మాత్రం కసిరా. ఆ లోకల్ డబ్బా మీద 132 వాట్ల కార్డు పెడితే పోయేది ఎస్ఎంపీఎస్ ఒక్కటే కాదు, బోర్డుని కూడా తోడు తీసుకెళ్తుంది. చివరికి 6600 కే ఫిక్స్ అయ్యాడు. మంచి ఎస్ఎంపీఎస్‌కి డబ్బులు చాల్లేదని వాళ్లక్కకి ఫోన్ చేశాడట. ఆ ఫోన్ కాస్తా తిరిగి తిరిగి నా ఫోన్‌పే దగ్గరికే వచ్చింది.