సొంత స్కూబా సిలిండరా, అద్దెదా?

తిరుపతి నుంచి పుదుచ్చేరికి స్కూబా డైవింగ్‌కి (గాలి సిలిండర్ వీపున తగిలించుకుని నీటి అడుగున ఈదడానికి) వెళ్లేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది.

సొంతది: మామూలు అల్యూమినియం సిలిండర్ ఖాళీగానే దాదాపు 14 కిలోలు. సిలిండర్ మెడ దగ్గర టెస్ట్ (ఒత్తిడి పరీక్ష) తేదీ చెక్కి ఉంటుంది; మళ్లీ టెస్ట్ చేయించాల్సిన గడువు దాటితే నింపకూడదు. నింపేవాళ్లకి గ్యాస్ సిలిండర్ల నియమాలు, 2016 ప్రకారం లైసెన్సు ఉండాలి. టైర్ల షాపు కంప్రెసర్‌తో సిలిండర్‌కి కావాల్సిన 200 బార్ ఒత్తిడి ఎక్కదు. పైగా ఆ గాలిలో నూనె తుంపర ఉంటుంది, పీల్చారో గోవిందా! రైలు పెట్టెలో గ్యాస్ సిలిండర్లు నిషిద్ధం. కారులోనైతే దొర్లకుండా, వాల్వ్‌కి దెబ్బ తగలకుండా కట్టాలి.

అద్దెది: టెస్టు, ఫిల్లింగ్, మోత అన్నీ డైవింగ్ సెంటర్ వాళ్ల తలనొప్పి.

ఏడాదికి రెండుసార్లు దిగేవాళ్లకి అద్దెదే నయం. నెలనెలా కారేసుకుని వెళ్లేవాళ్లు సొంతది కొనుక్కోవచ్చు. అప్పుడు కూడా తేమ చేరకుండా కాస్త గాలి ఉంచి తీసుకెళ్లి, అక్కడే నింపించుకోండి. నేనైతే ముందు మాస్కు కొంటాను.