2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్: రియాక్షన్ల గొడవ ఎంతవరకు తీరింది?

డైస్ వేస్తూ పాత్రలుగా ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ బల్ల దగ్గర వాదన రేగేది ఎక్కువగా రియాక్షన్ దగ్గరే, అంటే ఏదైనా జరిగినప్పుడు (దాన్నే ట్రిగ్గర్ అంటారు) దానికి స్పందనగా వేరేవాళ్ల టర్న్‌లోనైనా చేయగలిగే పని దగ్గర. ఆట నడిపే డీఎం (డంజన్ మాస్టర్) "21, తగిలింది, 14 డ్యామేజ్" అని ఒక్క ఊపిరిలో చెప్పేస్తాడు. అప్పుడు విజార్డ్ (మంత్రగాడి పాత్ర) ఆడేవాడు "ఆగండాగండి, షీల్డ్ వేస్తున్నా" అంటాడు, అంటే దెబ్బని ఆపే మంత్రం. వేయొచ్చా, సమయం దాటిపోయిందా? 2024 సెప్టెంబరులో వచ్చిన 384 పేజీల కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌ని ఈ ఒక్క విషయంలోనే పరీక్షించి చూద్దాం.

మూల సూత్రం ఇది: రియాక్షన్ తన ట్రిగ్గర్ జరిగిన వెంటనే పడుతుంది. దాని వివరణలో వేరేలా రాసి ఉంటే ఆ రాతే చెల్లుతుంది. 2014 ఎడిషన్‌లో ఈ మాట డంజన్ మాస్టర్స్ గైడ్‌లో ఉండేది కాబట్టి చాలామంది ఆటగాళ్ల కంట పడలేదు. ఇప్పుడు ఆటగాళ్ల పుస్తకంలోకే వచ్చింది, మంచి మార్పు. ఒకసారి రియాక్షన్ వాడితే మళ్లీ వచ్చేది మీ టర్న్ మొదట్లోనే, కొత్త రౌండ్ మొదలైందని రాదు. ఇద్దరు ఒకే క్షణంలో ఏదైనా చేయబోతే, టర్న్ ఎవరిదో వాళ్లే వరస నిర్ణయిస్తారు.

అసలైన మెరుగుదల లోర్ బార్డ్ (ఒక రకం గాయకుడి పాత్ర) కటింగ్ వర్డ్స్‌లో, అంటే శత్రువు డైస్ మొత్తాన్ని తగ్గించే సామర్థ్యంలో ఉంది. పాత నియమం ప్రకారం డైస్ పడ్డాక, ఫలితం తేలకముందే చెప్పాలి. అంటే ప్రతి దాడికీ డీఎం ఆగి బార్డ్ ముఖం చూడాలి. డిస్కార్డ్‌లో ఆడేటప్పుడు గొంతు ఆలస్యంగా చేరితే ఆ సందు కాస్తా దొరకదు. కొత్త నియమంలో దాడి తగిలాకే, లేదా అవతలివాడి ఎబిలిటీ చెక్ (సామర్థ్యానికి వేసే డైస్ పరీక్ష) నెగ్గాకే దాన్ని వాడతారు, డ్యామేజ్ తగ్గించడం వేరే సంగతి. తప్పిన దాడికి, బార్డ్ ఇందుకు ఖర్చుపెట్టే ఇన్‌స్పిరేషన్ వృథా కాదు, ఆట కూడా ఆగదు.

షీల్డ్ ట్రిగ్గర్ కూడా "తగిలాక" అనే. అది ఆర్మర్ క్లాస్‌ని, అంటే దాడి తగలడానికి రావాల్సిన కనీస మొత్తాన్ని, 5 పెంచుతుంది. ఆర్మర్ క్లాస్ 15 ఉన్న విజార్డ్ మీద దాడి మొత్తం 15 నుంచి 19 వరకు వస్తే షీల్డ్ కాపాడుతుంది. 20 వచ్చిందంటే పెరిగిన 20తో సమానమే కాబట్టి తగిలినట్టే. డైస్ మీదే 20 పడితే ఏ షీల్డూ ఆపదు. అయినా ఆ +5 మీ తర్వాతి టర్న్ దాకా ఉంటుంది కాబట్టి, మూడు దాడులు చేసే రాక్షసుడి ముందు మొదటి దెబ్బకే వేయడం నయం. డీఎం మొత్తం అంకె బయటికి చెప్పాలా వద్దా అన్నది మాత్రం స్పెల్‌లో రాయలేదు. చెప్పడమే న్యాయం. దాచిపెడితే ఫస్ట్ లెవెల్ స్లాట్ (మంత్రం వేయడానికి ఖర్చయ్యే పరిమిత అవకాశం) గుడ్డిగా పోతుంది.

అవతలివాడి మంత్రాన్ని (స్పెల్‌ని) అడ్డుకునే కౌంటర్‌స్పెల్ బాగా మారింది. పాతదాంట్లో మూడో లెవెల్ దాకా స్పెల్ దానంతటదే చెదిరిపోయేది. ఇప్పుడు అడ్డుకోబడే స్పెల్ వేసేవాడు కాన్‌స్టిట్యూషన్ సేవ్ (ఒంటి దారుఢ్యంతో తట్టుకునే డైస్ పరీక్ష) వేస్తాడు. ఓడిపోతే స్పెల్ పోతుంది, యాక్షన్ పోతుంది, స్లాట్ మాత్రం మిగులుతుంది. లెజెండరీ రెసిస్టెన్స్ (ఓడిన సేవ్‌ని నెగ్గినట్టు మార్చుకునే పరిమిత శక్తి) ఉన్న బాస్ మీద వేసి అందులో ఒకటి ఖర్చు పెట్టించినా లాభమే. ఒక టర్న్‌లో ఒకరు ఒక్క స్లాట్ మాత్రమే వాడాలన్న నియమం ఉండటంతో, మీ టర్న్‌లో స్లాట్‌తో వేసిన ఫైర్‌బాల్‌ని శత్రువు అడ్డుకుంటే మీరే తిరిగి కౌంటర్ వేయలేరు. పక్కనున్న స్నేహితుడు వేయొచ్చు.

ఇక్కడే పుస్తకం వదిలేసిన ఖాళీ ఉంది. స్పెల్ పేరు ముందే చెప్పాలా? కౌంటర్‌స్పెల్ ఆ సంగతి ఎత్తదు. 2017 నాటి ఐచ్ఛిక నియమం ప్రకారం గుర్తుపట్టడానికే రియాక్షన్ ఖర్చవుతుంది, అంటే గుర్తుపట్టినవాడు అడ్డుకోలేడు. డీఎం "మంత్రం మొదలుపెట్టాడు" అని మాత్రమే చెప్పి, రెండు క్షణాలు ఆగి, తర్వాత పేరు చెప్పడం మేలు. ఈ పద్ధతి రాక్షసులకూ ఆటగాళ్లకూ ఒకేలా నడవాలి.

రెడీ యాక్షన్‌ని, అంటే "ఫలానాది జరిగితే ఇది చేస్తా" అని ముందే సిద్ధం చేసుకోవడాన్ని, చాలామంది అపార్థం చేసుకుంటారు. "వాడు మంత్రం మొదలుపెడితే బాణం వేస్తా" అంటే బాణం వెళ్లేది మంత్రం పడ్డాకే, ట్రిగ్గర్ పూర్తవ్వాలి కాబట్టి. పైగా ఎక్‌స్ట్రా అటాక్ (ఒకే యాక్షన్‌లో ఒకటికి మించి దాడి) మీ టర్న్‌లోనే పనిచేస్తుంది కనుక దెబ్బ ఒక్కటే. దూరం జరిగే శత్రువు మీద చేసే ఆపర్చునిటీ అటాక్‌ది వేరే దారి: అవతలివాడు అందుబాటు దాటకముందే పడుతుంది, టెలిపోర్ట్ అయితే మాత్రం పడదు.

పక్కవాడిని డాలుతో కాపాడే ప్రొటెక్షన్ ఫైటింగ్ స్టైల్ ఒక్కటే ఇప్పటికీ తలనొప్పి. డిజడ్వాంటేజ్ (రెండు డైస్ వేసి తక్కువది తీసుకోవడం) ఇవ్వాలంటే డైస్ పడకముందే చెప్పాలి. డీఎం లక్ష్యం ఎవరో ముందు చెప్పి, ఆ తర్వాతే డైస్ వేస్తే సరిపోతుంది. డ్యామేజ్ డైస్‌ని కూడా దాడి డైస్‌తో కలిపి వేయకూడదు. ఆన్‌లైన్ షీట్లలో రెండూ ఒకే క్లిక్‌తో వచ్చే సెట్టింగ్ ఉంటే ఆపేయండి.

రాతలో ఒక లోపం: స్పెల్స్‌కి ట్రిగ్గర్ కాస్టింగ్ టైమ్ దగ్గరే కనిపిస్తుంది. క్లాస్ ఫీచర్లలో మాత్రం పేరా మధ్యలో వెతుక్కోవాలి. ఇలాంటిదే అయిన పాత్‌ఫైండర్ ఆట రెండో ఎడిషన్‌లో ప్రతి రియాక్షన్‌కీ ట్రిగ్గర్ అని విడిగా ఒక లైనుంటుంది. ఆ అలవాటు ఇక్కడా ఉండాల్సింది. అందాకా క్యారెక్టర్ షీట్ మీద "డైస్‌కి ముందు", "తగిలాక", "డ్యామేజ్ తర్వాత" అని మీ రియాక్షన్ల పక్కన రాసుకోండి.

విడుదలైనప్పుడు పుస్తకం ధర 49.99 డాలర్లు. షీల్డ్, కౌంటర్‌స్పెల్, కటింగ్ వర్డ్స్ వరకే కావాలంటే 2025 ఏప్రిల్‌లో ఉచితంగా విడుదలైన ప్రాథమిక నియమాల పత్రం ఎస్ఆర్‌డీ 5.2 చాలు. ప్రొటెక్షన్ స్టైల్ అందులో లేదు, దానికి పుస్తకం కొనాల్సిందే.