బ్యాటరీ మాటిమాటికీ దిగిపోతుంటే కొన్న డీసీ క్లాంప్ మీటర్

ఈ మీటర్లో నాకు తెగ నచ్చింది ఒక్కటే, బ్యాటరీ తీగ విప్పక్కర్లేదు. మామూలు మల్టీమీటర్‌తో కరెంటు లీకేజీ, అంటే బండి ఆపేసినా బ్యాటరీ నుంచి పోయే కరెంటు, చూడాలంటే నెగెటివ్ తీగ ఊడదీసి మధ్యలో మీటర్ పెట్టాలి. ఊడదీసి కలిపేసరికి బండిలోని కంప్యూటర్లన్నీ నిద్రలేస్తాయి, గడియారం మొదటికొస్తుంది, ఆ టైంలో ఎవరైనా సెల్ఫ్ కొట్టారంటే మీటర్ ఫ్యూజు గోవిందా. ఈ క్లాంప్ మీటర్‌నైతే దవడలు తెరిచి తీగ చుట్టూ తగిలిస్తే చాలు.

మాది ఎంవీపీ కాలనీ, కారు వారానికోసారి తీస్తే గొప్ప. తీసినప్పుడల్లా టకటకమనడమే తప్ప స్టార్ట్ కాదు. షాపతను బ్యాటరీ పోయిందన్నాడు, మార్చాం, కొత్తదీ అదే తీరు. ఇంకొకాయన సముద్రపు గాలికి టెర్మినళ్లు చిలుం పట్టాయని వేడినీళ్లు పోసి కడిగాడు. వైజాగ్‌లో ఆ మాట చెబితే ఎవరైనా నమ్ముతారు! ఇంజన్ ఆన్‌లో ఉంటే 14.2 వోల్టులు వస్తున్నాయి, అంటే చార్జింగ్ బాగానే ఉన్నట్టు.

మీటర్ రాగానే డోర్ లాచ్‌ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి, తలుపు మూసినట్టు బండిని నమ్మించి, లాక్ చేసి అరగంట వదిలేశా. అప్పటికి బండిలో కంప్యూటర్లు నిద్రపోయి కరెంటు మామూలుగా 0.05 ఆంపియర్ల లోపే ఉండాలి, నాకు 0.38 చూపించింది. 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నుంచి రోజుకు తొమ్మిది పోతుంటే వారం ఎక్కడ ఆగుతుంది? ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోతే ఆడియో ఫ్యూజు దగ్గర ఒక్కసారిగా 0.03కి పడింది. బయట పెట్టించిన మ్యూజిక్ సెట్టు అది. లాగి చూస్తే వెనక పసుపు వైరు, ఎర్ర వైరు కలిపి మెలేసి నల్ల టేపు చుట్టేశాడు మహానుభావుడు. పసుపులో కరెంటు ఎప్పుడూ ఉంటుంది, ఎరుపులో తాళం తిప్పితేనే రావాలి. మేం బటన్ నొక్కితే తెర ఆరిపోయేది గానీ లోపల సెట్టు మేలుకునే ఉండేది.

తగిలిస్తే చాలు అన్నాను గానీ, ప్రతిసారీ తీగ పక్కనే ఖాళీగా పట్టుకుని జీరో నొక్కాలి, చెయ్యి కాస్త తిరిగినా అంకె జరుగుతుంది. పది, ఇరవై మిల్లీ ఆంపియర్ల తేడా అయితే దీన్ని నమ్మను. పైగా దీని సొంత సెల్లులే త్వరగా దిగిపోతాయి. ఇప్పుడు ఫ్యూజులు కూడా పీకడం లేదు, ఫ్యూజు నెత్తిన కనిపించే రెండు లోహపు చుక్కలకు ప్రోబులు ఆనించి మిల్లీవోల్టులు చూస్తున్నా, కరెంటు పారుతుంటే ఏదో ఒక అంకె పడుతుంది. నిజానికి ఆ పని చవక మీటరూ చేస్తుంది.

కొనేవాళ్లు డీసీ (బ్యాటరీ కరెంటు) ఆంపియర్లు కొలుస్తుందో లేదో చూసుకోండి, ఏసీ (ఇంటి కరెంటు) మాత్రమే కొలిచే క్లాంప్ ఈ పనికి దండగ. రోజూ గాజువాక దాకా వెళ్లొచ్చే బండికి ఇంత ఖర్చు పెట్టమని నేనైతే చెప్పను. మా కారు కదలదు, నా చేతులు ఊరుకోవు, అందుకని నాకు సరిపోయింది.