సూపర్ నింటెండోకి ఫ్లాష్ కార్ట్: ఎఫ్‌ఎక్స్‌ప్యాక్ ప్రో కావాలా, సాదాది సరిపోతుందా?

ఫ్లాష్ కార్ట్ అంటే మెమరీ కార్డులోని గేమ్ ఫైళ్లను కన్సోల్‌లో నడిపించే కార్ట్రిడ్జ్; ఎఫ్‌ఎక్స్‌ప్యాక్ ప్రో వాటిలో ఒకటి. దానికీ సాదా వాటికీ తేడా అంతా చిప్పుల దగ్గరే ఉంది. ఈ కన్సోల్ గేమ్‌లలో కొన్ని తమ కార్ట్రిడ్జ్‌లోనే అదనపు ప్రాసెసర్ పెట్టుకుని వచ్చాయి: స్టార్ ఫాక్స్‌లో సూపర్ ఎఫ్‌ఎక్స్, సూపర్ మారియో ఆర్‌పీజీలో ఎస్‌ఏ-1, మెగా మ్యాన్ ఎక్స్2లో సీఎక్స్4. ఆ చిప్ కన్సోల్‌లో ఉండదు కాబట్టి, రోమ్ ఫైల్ (గేమ్ కాపీ) ఒక్కటే లోడ్ చేసే సాదా కార్ట్‌లో ఇవి నడవవు. చాలాసార్లు నల్ల తెరే కనిపిస్తుంది, ఫైల్ పాడైందేమో అనుకుని మళ్లీ మళ్లీ కాపీ చేసి లాభం లేదు.

ఎఫ్‌ఎక్స్‌ప్యాక్ ప్రో (పాత పేరు ఎస్‌డీ2ఎస్‌నెస్) లోపలి ఎఫ్‌పీజీఏ (వేరే చిప్‌లా పనిచేసేలా మార్చుకోగల చిప్) ఆ మూడు చిప్పుల పనీ తానే చేస్తుంది. సూపర్ మారియో కార్ట్ లాంటి డీఎస్‌పీ (మరో అదనపు చిప్) గేమ్‌లకు మాత్రం చిప్ డంప్ ఫైల్‌ను (ఆ చిప్‌లోని డేటా కాపీని) కార్డులోని ఎస్‌డీ2ఎస్‌నెస్ ఫోల్డర్‌లో విడిగా పెట్టాలి. ఎంఎస్‌యూ-1 (గేమ్‌కు విడి ఆడియో ఫైళ్ల సంగీతం జోడించే పద్ధతి) పాటలు కూడా దీనిలో వినొచ్చు. ఆడియో ఫైల్ పేరు రోమ్ పేరుతో అక్షరం తేడా లేకుండా కలవాలి, చివర హైఫన్, ట్రాక్ నంబరు ఉండాలి. పాట రాలేదంటే ముందు చూడాల్సింది ఇదే.

సేవ్‌ల తీరు వేరు. సాదా కార్ట్‌లు చాలావరకు బ్యాటరీ మెమరీలో ఉంచి, తర్వాత కార్డులోకి ఎక్కిస్తాయి. బ్యాటరీ అయిపోతే ఎక్కని సేవ్ పోతుంది. ఎఫ్‌ఎక్స్‌ప్యాక్ ఆట మధ్యలోనే రాస్తుంది, రాసే లైటు వెలుగుతుండగా ఆపేయకండి.

దేనికైనా కార్డు ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండాలి. 32 జీబీ దాటినవి సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ అనే వేరే ఫార్మాట్‌లో వస్తాయి, కాబట్టి వాటిని ఫ్యాట్32కి మార్చుకోవాలి.

చిప్ గేమ్‌లు అక్కర్లేదంటే సాదాదే తీసుకోండి, ఈ కన్సోల్ గేమ్‌లలో అధిక భాగం దానిలో చక్కగా నడుస్తుంది.