ఐస్ హాకీలో గోల్ పోస్టు పక్కన గోలీ (గోల్‌కీపర్): వీహెచ్‌నా, రివర్స్ వీహెచ్‌నా?

వీహెచ్ (వర్టికల్-హారిజాంటల్) భంగిమలో పోస్టు వైపు కాలి ప్యాడ్ నిలువుగా, రెండోది మంచు మీద అడ్డంగా ఉంటుంది. పోస్టు పక్క పైమూల బాగా మూసుకుంటుంది. కానీ ప్యాడ్ల మధ్య సందు మిగులుతుంది, అవతలి వైపు పాస్ వెళ్తే కదలిక నెమ్మదిస్తుంది.

రివర్స్ వీహెచ్‌లో పోస్టు వైపు ప్యాడే మంచు మీద వాలుతుంది. ఆ కాలి స్కేట్‌నో, ప్యాడ్‌నో పోస్టుకు ఆనించి, రెండో కాలి బ్లేడుతో నొక్కి పట్టాలి. కింద సందుండదు, పోస్టును తన్ని వేగంగా అవతలికి జారొచ్చు. ఇబ్బందల్లా భుజం పైన, చెవి పక్క ఖాళీ. షూటర్ ఇంకా దూరంలో ఉండగానే వాలిపోతే పక్ (ఆటలో కొట్టే బిళ్ల) సరిగ్గా అక్కడికే వస్తుంది. తుంటి, గజ్జల మీద భారమూ ఎక్కువే.

పక్ నెట్ వెనకుంటే రివర్స్ వీహెచ్‌కే మా ఓటు. షూటర్‌కు పక్‌ను పైకి లేపే చోటుంటే మాత్రం నిలబడే ఆడాలి.