పీపీటీలో మెటాడేటా పెడతానని ఆరు వేలు నొక్కేశాడు, జాగ్రత్త

కడుపు మండి రాస్తున్నాను, అచ్చుతప్పులుంటే సర్దుకోండి. పాండాక్ (ఒక రకం ఫైలుని ఇంకో రకంగా మార్చే సాఫ్ట్‌వేర్) పనులు ఒక్కరోజులో చేసిపెడతానని ఫ్రీలాన్స్ సైటులో తిరిగే ఫైవ్ స్టార్ ఫ్రీలాన్సర్ మీలో చాలామందికి తెలిసే ఉంటాడు. పేరు రాయను, అర్థమవుతుంది.

నేను పాఠాలు మార్క్‌డౌన్‌లో, అంటే చిన్న చిన్న గుర్తులు పెట్టిన మామూలు టెక్స్ట్ ఫైలుగా, రాసుకుని పాండాక్‌తో పీపీటీ చేసుకుంటాను. ఫైలు మొదట్లో యామల్‌లో (పేరు, దాని పక్కన విలువ అని వరసగా రాసే పద్ధతి; ఈ వివరాలనే మెటాడేటా అంటారు) ఒక్కసారి రాస్తే ప్రతి స్లైడు అడుగునా యూనిట్ నంబరు, సబ్జెక్టు కోడు, రివిజన్ తేదీ వాటంతటవే పడాలి. అంతే నేనడిగింది. ఆరు వేలన్నాడు. సైటు బయట యూపీఐ చేస్తే కమిషన్ మిగులుతుందన్నాడు. మిగిలింది, ఆయనకి.

ముందు శాంపిల్ పంపాడు, ఆరు స్లైడ్లు, చక్కగా ఉన్నాయి. నాలుగో స్లైడు మీద మాత్రం 'రివిజన్' బదులు 'రివిజిన్' అని ఉంది. మిగతా అయిదింటిలో సరిగ్గానే ఉంది. మిషన్ వేసిన ఫుటరులో ఒక్క స్లైడులోనే అచ్చుతప్పు ఎలా వస్తుంది? చూశాను, చూసి కూడా "పోనీలే" అనుకుని డబ్బు పంపాను. పదేళ్లుగా పిల్లల పేపర్లు దిద్దుతున్నదాన్ని!

తర్వాత అసలు ఫైలు వచ్చింది, ఒక లువా ఫిల్టరు, అంటే పాండాక్ ఫైలు మార్చేటప్పుడు మధ్యలో నడిచే చిన్న ప్రోగ్రాము. నా పాఠం మీద నడిపాను. స్లైడ్ల మీద ఏమీ లేదు. అడిగితే "ఫైల్ ప్రాపర్టీస్‌లో చూడండి మేడం" అన్నాడు. పీపీటీఎక్స్‌ని (అదే, ఆ పీపీటీ ఫైలుని) జిప్‌గా పేరు మార్చి విప్పితే డాక్‌ప్రాప్స్ ఫోల్డరులో కస్టమ్ ఎక్స్ఎంఎల్ అని ఒక ఫైలుంది, అందులో నా యూనిటూ కోడూ ఉన్నాయి. సరే, సగం పనైనా చేశాడనుకున్నాను. ఎందుకో ఆయన ఫిల్టరు తీసేసి మళ్లీ నడిపాను. అదే ఫలితం! పాండాక్ మాన్యువల్‌లోనే ఉంది, యామల్‌లో మనం అదనంగా ఇచ్చే మాటలని పీపీటీఎక్స్‌లో కస్టమ్ ప్రాపర్టీలుగా, అంటే స్లైడు మీద కనపడని ఫైలు వివరాలుగా, తనే రాసేస్తుందట. ఊరికే వచ్చే సాఫ్ట్‌వేర్ ఊరికే చేసే పనికి నేను ఆరు వేలు కట్టాను. ఆయన ఫిల్టరు తెరిస్తే నాలుగు లైన్లు, వచ్చిన డాక్యుమెంటుని వచ్చినట్టే తిప్పి పంపడం.

ఫోన్ చేశాను. ఒక్క సారీ కూడా లేదు. "మేడం, మీరు అడిగింది మెటాడేటా. మెటాడేటా వచ్చింది కదా. స్లైడు మీద కనపడాలంటే అది డిజైన్ వర్క్, వేరే ఛార్జ్." అదేదో నాకే తెలుగు రానట్టు. "ప్రతి స్లైడు అడుగున" అని నేను రాసిన మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి పంపాను. బొటనవేలు ఎత్తిన బొమ్మ ఒకటి పెట్టాడు. రెండు నిమిషాల్లో డీపీ మాయం. బ్లాక్.

ఆ బొమ్మ చూసినప్పుడు వచ్చిన కోపం డబ్బు పోయినందుకు కూడా రాలేదు. శాంపిల్‌లో ఉన్నవన్నీ ఆయన చేత్తో టైపు చేసిన టెక్స్ట్ బాక్సులని అప్పుడు గాని నా బుర్రకి ఎక్కలేదు.

ఇలాంటి పని ఎవరికైనా ఇస్తే శాంపిల్ ఆయన ఫైలు మీద కాదు, మీ ఫైలు మీద, మీ కళ్లముందు నడిపించండి. ఫిల్టరు తీసేసి కూడా ఒకసారి నడపండి. డబ్బు సైటు ద్వారానే.

రేపు తొమ్మిదింటికి క్లాసు. ఇరవయ్యారు స్లైడ్లకి ఫుటరు ఇప్పుడు నేనే చేత్తో కొడుతున్నాను.