ధ్రువుడు 14 డిగ్రీల ఎత్తులోనే ఉండే నెల్లూరులో స్టార్ అడ్వెంచరర్ 2ఐ

రాత్రి ఆకాశాన్ని ఫోటో తీయడం మొదలుపెట్టినవారు కెమెరా, లెన్సు, ట్రైపాడ్ సమకూరాక తర్వాత దేనిమీద డబ్బు పెట్టాలా అని వెతికితే ముందుగా కనిపించే పేర్లలో స్కై-వాచర్ సంస్థ తయారు చేసే స్టార్ అడ్వెంచరర్ 2ఐ ఒకటి. ఇది ట్రాకర్, అంటే నక్షత్రాల కదలికతో పాటు కెమెరాను నెమ్మదిగా తిప్పే పరికరం. దీనిమీద మనకు దొరికే సమీక్షల్లో ఎక్కువ భాగం ఐరోపా, అమెరికాలలో 40, 50 డిగ్రీల అక్షాంశాల దగ్గర ఉండేవారు రాసినవే. వాళ్ళకు ధ్రువ నక్షత్రం ఆకాశంలో దాదాపు సగం ఎత్తున, ఇళ్ళకూ చెట్లకూ పైన, స్పష్టంగా నిలబడి ఉంటుంది. నెల్లూరు అక్షాంశం 14.4 డిగ్రీలు కావడంతో ఇక్కడ ధ్రువుడు ఉత్తర దిగంతానికి సుమారు 14 డిగ్రీల పైన మాత్రమే ఉంటాడు. అంటే చేయి చాచి పిడికిలి బిగిస్తే ఒకటిన్నర పిడికిళ్ళ ఎత్తు. ఈ పరికరం సరిగ్గా పనిచేయడానికి ఆధారం ఆ నక్షత్రమే గనుక, మన జిల్లాలో దీన్ని వాడాల్సిన తీరు ఆ సమీక్షలు చెప్పినట్లు ఉండదు. ఆ తేడాను దృష్టిలో పెట్టుకుని, కొత్తగా నేర్చుకునేవారి కోసం దీని మంచిచెడ్డలు చెబుతాను.

ట్రాకర్ అవసరం ఎందుకు వస్తుందో ముందు లెక్కతో చూద్దాం. భూమి తన చుట్టూ తాను ఒక్కసారి తిరగడానికి నక్షత్రాల లెక్కన 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు పడుతుంది కాబట్టి, ఖగోళ మధ్యరేఖ దగ్గర ఉన్న నక్షత్రం సెకనుకు 15 ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) చొప్పున జరుగుతూ కనిపిస్తుంది. 24 మెగాపిక్సెళ్ళ క్రాప్ సెన్సర్ కెమెరాకు 50 మి.మీ. లెన్సు తగిలిస్తే ఒక్కో పిక్సెల్ ఆకాశంలో సుమారు 16 ఆర్క్ సెకన్ల మేర కప్పుతుంది; కాబట్టి మృగశిర ప్రాంతంలోని నక్షత్రం ప్రతి సెకనుకూ దాదాపు ఒక పిక్సెల్ జరిగిపోతుంది. అందరూ చెప్పే 500 సూత్రం ప్రకారం (500ను లెన్సు మి.మీ.లతోను, క్రాప్ సెన్సర్ గుణకం 1.5తోను భాగిస్తే) ఈ లెన్సుతో ఆరున్నర సెకన్లు షట్టర్ తెరిచి ఉంచవచ్చు. కానీ అలా తీసిన ఫోటోను కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే ప్రతి నక్షత్రమూ ఆరు పిక్సెళ్ళ గీతగా ఉంటుంది. ట్రాకర్ కెమెరాను భూమి తిరిగే దిశకు ఎదురుగా, అదే వేగంతో తిప్పుతుంది; అందుకు దాని ఇరుసు ధ్రువుడి వైపు చూస్తూ ఉండాలి. ఆరున్నర సెకన్ల బదులు 60 సెకన్లు తెరిచి ఉంచితే ఒక్కో ఫ్రేములో తొమ్మిది రెట్ల వెలుగు చేరుతుంది, నక్షత్రాలు చుక్కలుగానే ఉంటాయి.

స్టార్ అడ్వెంచరర్ 2ఐ చేసే పని ఇంతే, ఆ పనిని చక్కగా చేస్తుంది. 5 కిలోల వరకు బరువు మోయగలదు. నాలుగు పెన్సిల్ బ్యాటరీలతో గాని, యూఎస్‌బీ తీగ ద్వారా పవర్ బ్యాంకుతో గాని నడుస్తుంది. లోపల 144 పళ్ళ చక్రాన్ని ఒక మర నెమ్మదిగా తిప్పుతూ ఉంటుంది. ధ్రువుణ్ణి చూసేందుకు చిన్న దుర్బిణి దాని ఇరుసులోనే అమర్చి ఉంది. నక్షత్రాల వేగంతో పాటు సూర్యుడి వేగం, చంద్రుడి వేగం ఎంచుకునే వీలుండటం వల్ల గ్రహణాలప్పుడూ పనికొస్తుంది. అయితే దీనికి తిరిగే ఇరుసు ఒక్కటే. ఫలానా నెబ్యులా చూపించమంటే తనంతట తాను వెతికి చూపించే సదుపాయం ఇందులో లేదు, ఆకాశంలో ఏది ఎక్కడుందో మనమే తెలుసుకుని కెమెరాను తిప్పుకోవాలి. కొత్తవారికి ఇది లోపమని కొందరంటారు. నా దృష్టిలో మాత్రం మొదటి పరికరానికి ఉండవలసిన లక్షణం ఇదే, ఎందుకంటే రోహిణి నుంచి కృత్తికలకూ, అక్కడి నుంచి దేవయానికీ (ఆండ్రోమెడా) దారి కట్టుకుంటూ వెళ్ళడం రాకపోతే ఎంత ఖరీదైన యంత్రం చూపించినా మనం చూస్తున్నదేమిటో మనకు తెలియదు.

ఇక అసలు చిక్కు ధ్రువుణ్ణి పట్టుకోవడం దగ్గర మొదలవుతుంది. 14 డిగ్రీల ఎత్తులోని నక్షత్రపు వెలుగు నడినెత్తిమీది నక్షత్రం కన్నా నాలుగింతల గాలిని దాటి మన కంటికి చేరాలి. నెల్లూరు దగ్గరి మైపాడు తీరంలో ఆ గాలిలో సముద్రపు తేమ, సన్నని ఉప్పు తుంపర ఉంటాయి. వెనక నెల్లూరు పట్టణపు వెలుగు, చుట్టుపక్కల రొయ్యల గుంటల దగ్గర తెల్లవార్లూ వెలిగే దీపాలు ఆ తేమమీద పడి ఆకాశపు అడుగుభాగం పాలిపోయి కనిపిస్తుంది. రెండో పరిమాణపు నక్షత్రమైన ధ్రువుడు అలాంటి రాత్రి మామూలు కంటికి ఆనకపోవచ్చు. దుర్బిణిలో మాత్రం, ఎర్రని గీతల వలయం నడుమ, కాస్త పసుపు తిరిగి వణుకుతున్న చుక్కగా దొరుకుతాడు. అతడేనని నిర్ధారించుకోవడానికి పక్కన ఇంకో ఆధారం కావాలి. సప్తర్షి మండలంలోని పులహ, క్రతువులను కలిపి గీత పొడిగిస్తే ధ్రువుడు వస్తాడని చిన్నప్పుడు చదువుకున్నాం. మన అక్షాంశంలో ఆ మండలం ఏడాదంతా కనిపించదు, కార్తీక మాసపు సాయంత్రాలలో దిగంతం కిందే ఉంటుంది. అప్పుడు శర్మిష్ఠ (కాసియోపియా) రాశిలోని ఎం ఆకారాన్ని ఆధారం చేసుకోవాలి. ఒక మేలు కూడా ఉంది: ఇరుసు దాదాపు నేలకు సమాంతరంగా ఉంటుంది గనుక, దుర్బిణిలోకి చూడటానికి చలిదేశాలవాళ్ళలాగా మోకాళ్ళమీద వంగి మెడ విరుచుకోవలసిన పని లేదు, ట్రైపాడ్ కాళ్ళు పొడిగించుకుని నిలబడే చూడవచ్చు.

ధ్రువుడు కనిపించని రాత్రి ట్రాకర్ వృథాయేనా అంటే, కాదు. ఈ సంగతి కొత్తవారికి ఎవరూ లెక్కకట్టి చెప్పరు. ఇరుసు అసలు ధ్రువ బిందువుకు, అంటే ఆకాశమంతా దేని చుట్టూ తిరుగుతున్నట్లు కనిపిస్తుందో ఆ చోటుకు, అర డిగ్రీ పక్కకు ఉందనుకుందాం. 60 సెకన్లలో నక్షత్రం జరిగే దూరం గరిష్ఠంగా 8 ఆర్క్ సెకన్లు, అంటే 50 మి.మీ. లెన్సుతో అర పిక్సెల్. అది కంటికి కనిపించదు. కాబట్టి ఫోన్‌లోని వాలు కొలిచే యాప్‌తో ఇరుసును 14.4 డిగ్రీలకు వంచి, దిక్సూచితో ఉత్తరానికి జాగ్రత్తగా తిప్పి పెట్టినా వెడల్పు లెన్సులతో మంచి ఫోటోలే వస్తాయి. దిక్సూచిని ట్రైపాడ్ ఇనుముకు, కారుకు దూరంగా పట్టుకుని చూడాలి. 200 మి.మీ. లెన్సు దగ్గర మాత్రం ఈ ఉదారత పనికిరాదు. అక్కడ పిక్సెల్ 4 ఆర్క్ సెకన్లే గనుక అదే తప్పు రెండు పిక్సెళ్ళ సాగుడుగా కనిపిస్తుంది. పైగా ధ్రువ నక్షత్రం సరిగ్గా ధ్రువ బిందువు మీద లేదు, దానికి అర డిగ్రీకి పైగా ఎడంగా ఉంది. నక్షత్రాన్ని దుర్బిణి నడిమధ్యన పెట్టి ఊరుకుంటే ఆ ఎడమే మన తప్పు అవుతుంది. ఆ సమయానికి వలయంమీద ధ్రువుడు గడియారపు ముల్లులా ఏ స్థానంలో ఉండాలో ఫోన్ యాప్ చూపిస్తుంది, అక్కడ నిలపాలి.

తక్కువ వాలు వల్ల వచ్చే రెండో ఇబ్బంది బరువుకు సంబంధించినది. ఇరుసు పడుకున్నట్లు ఉండటం వల్ల కెమెరా, దానికి సరితూగే కౌంటర్‌వెయిట్ రెండూ ట్రైపాడ్ కాళ్ళకు దగ్గరగా తిరుగుతాయి, నడిరాత్రి దాటాక కౌంటర్‌వెయిట్ కడ్డీ కాలికి తగిలి ఆగిపోయే ప్రమాదం ఉంది. ఇది ఈ ఒక్క ట్రాకర్‌కే పరిమితం కాదు, భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో ఈ తరహా పరికరాలన్నిటికీ ఉన్నదే. ట్రైపాడ్ కాళ్ళలో ఒకదాన్ని ఉత్తరానికి ఉంచి, ఫోటోల వరుస మొదలుపెట్టే ముందు కెమెరాను చేత్తో తూర్పు నుంచి పడమటి దాకా ఒకసారి తిప్పి చూసుకుంటే చాలు. తూకం వేసేటప్పుడు తూర్పు వైపు ఒక పిసరు బరువు ఎక్కువ ఉండనిస్తే మర పళ్ళు ఎప్పుడూ ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. ట్రైపాడ్ విషయంలో మాత్రం పొదుపు చేయవద్దు. ఇసుకలో కాళ్ళు దిగబడకుండా కింద చెక్కముక్కలు పెట్టుకోవాలి, తీరం గాలికి ఊగే సన్నపాటి ట్రైపాడ్ మీద ఏ ట్రాకర్ అయినా దండగే.

ఇన్ని చిక్కులకు బదులుగా మన అక్షాంశం ఇచ్చేది తక్కువేమీ కాదు. పాలపుంత నడిబొడ్డు ఉన్న ధనూరాశి ప్రాంతం నెల్లూరులో 46 డిగ్రీల ఎత్తుకు వస్తుంది, లండన్‌లో 10 డిగ్రీలు కూడా దాటదు. మన ఆకాశంలో సుమారు కోటి నక్షత్రాల ముద్ద అయిన ఒమేగా సెంటారి దక్షిణాన 28 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది, లండన్‌లో అది ఎన్నడూ ఉదయించదు. అగస్త్యుడు 23 డిగ్రీల ఎత్తున, దక్షిణాది త్రిశంకు నక్షత్రాలు 12 నుంచి 18 డిగ్రీల ఎత్తున మనకు దర్శనమిస్తారు. ఉత్తర, దక్షిణ ఆకాశాలు రెండూ అందుతాయనే భారతీయ ఖగోళ శాస్త్రవేత్త వేణు బాప్పు తమిళనాడులోని కవలూరును ఎంచుకున్నారు. అక్కడి వేధశాల 12.6 డిగ్రీల అక్షాంశంలో ఉంది, 1986లో ఆవిష్కరించిన 2.34 మీటర్ల దూరదర్శినికి ఆయన పేరే పెట్టారు. మే నెలలో, రాత్రి పది దాటాక, 50 మి.మీ. లెన్సు, ఎఫ్ 2.8, ఐఎస్ఓ 800, 60 సెకన్ల అమరికతో ఒమేగా సెంటారి వైపు తీసిన ఒకే ఒక ఫ్రేములో, మధ్యలో ఒత్తుగా, అంచులు పలచబడుతూ ఆ ముద్ద ఆకారం తెరమీద తేటగా వచ్చినప్పుడు ఈ ట్రాకర్‌కు పెట్టిన డబ్బు గుర్తు రాదు. మైపాడులో దక్షిణ దిగంతంమీద కృష్ణపట్నం ఓడరేవు వెలుగు పడుతుంది గనుక దక్షిణపు లక్ష్యాలకు ఆ తీరం అంత అనువు కాదు. వీలున్నవారు నెల్లూరుకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని ఉదయగిరి వైపు వెళ్ళి, కొండ అడ్డురాని చోటు చూసుకుంటే గాలి పొడిగా, ఆకాశం అడుగుదాకా నల్లగా ఉంటుంది.

వాతావరణం గురించి ఒక మాట. మన వర్షాలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. జూన్ తర్వాత కూడా మబ్బులు అడ్డొస్తాయి. సంక్రాంతి నుంచి రోహిణి కార్తె దాకా పనిచేసుకోవచ్చు. జనవరి రాత్రుల్లో మంచు లెన్సు ముందు అద్దంమీద పేరుకుని నక్షత్రాల చుట్టూ పొగ లాంటి వలయం కనిపిస్తుంది. అది కనిపించిందంటే అప్పటికే పది ఫ్రేములు పోయినట్లే కనుక, పవర్ బ్యాంకుతో వేడెక్కే పట్టీని ముందు నుంచే లెన్సుకు చుట్టి ఉంచాలి. ఎండాకాలంలో ఇంకో సమస్య: ప్రతి ఆరు డిగ్రీల వేడికి సెన్సర్ తనంతట తాను పుట్టించే చుక్కలు రెట్టింపవుతాయి, కాబట్టి లెన్సు మూత పెట్టి అవే అమరికలతో కొన్ని చీకటి ఫ్రేములు తీసుకుని, తర్వాత కంప్యూటర్‌లో అసలు ఫోటోల నుంచి ఆ చుక్కలను వాటి సాయంతో తీసివేయాలి. సముద్రపు ఒడ్డు నుంచి వచ్చాక ట్రాకర్‌ను తడి ఆరిన గుడ్డతో తుడవకుండా పెట్టెలో పెట్టకూడదు. రోజు ఎంచుకోవడానికి పంచాంగం సరిపోతుంది. బహుళ దశమి నుంచి శుద్ధ చవితి దాకా రాత్రిలో ఎక్కువ భాగం చంద్రుడి వెలుగు ఉండదు.

ఎవరు కొనాలి? ఆకాశంలో నక్షత్రాలను గుర్తుపట్టడం ఇంకా రానివారు ముందుగా 10x50 బైనాక్యులర్లు కొనుక్కోవడం మంచిది; వాటిని ట్రైపాడ్‌కు బిగించి చూస్తే కృత్తికలు, మృగశిరలోని నెబ్యులా, ఒమేగా సెంటారి అన్నీ దొరుకుతాయి. కెమెరా ఉండి ట్రాకర్ లేనివారు ఐదారు సెకన్ల ఫోటోలు వందల్లో తీసి సీక్వేటర్, డీప్‌స్కైస్టాకర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒకదానిమీద ఒకటి పేర్చితే, నాలుగు ఫ్రేములకు ఫోటోలోని గరుకు చుక్కలు (నాయిస్) సగానికి తగ్గుతాయి, వందకు పదో వంతవుతాయి. ఆ పద్ధతి అలవాటయ్యాక, వెలుగు చాలడం లేదని మనకే తెలిసినప్పుడు స్టార్ అడ్వెంచరర్ 2ఐ సరైన తదుపరి అడుగు. 135 మి.మీ. లోపు లెన్సులకు దీన్ని మనస్ఫూర్తిగా సిఫార్సు చేస్తాను. అంతకన్నా పొడవైన లెన్సులు వాడదలచినవారు మన తీరపు గాలిలో ధ్రువుణ్ణి వలయంమీద నిలిపే ఓపిక తమకు ఉందో లేదో ముందు చూసుకోవాలి. కొనేటప్పుడు కౌంటర్‌వెయిట్, దాని కడ్డీ, వాలు సరిచేసే వెడ్జ్ కలిపి ఉన్న పూర్తి కిట్ తీసుకోవాలి. వెడ్జ్ 14 డిగ్రీల దగ్గర బిగుతుగా నిలుస్తోందో లేదో పెట్టె విప్పిన రోజే ఇంట్లో, పగటిపూట, కెమెరా బరువుతో సహా బిగించి చూసుకోవాలి.